పల్లెటూరి మనోవ్యథ – పర్యవేక్షిత శిక్షణము: ఒక విమర్శ

శరీరమునకు వచ్చిన జబ్బును వైద్యుడు చేయిపట్టి చూచి, గుండెపై గొట్టము మోపి, రక్తమును పరీక్షింపజేసి తెలిసికొనును. రోగి మూగవాడైనను ఆ పరీక్ష ఆగిపోదు. మనస్సునకు వచ్చిన జబ్బు అట్టిది కాదు. అచ్చట రోగి మాటయే నాడి, రోగి మాటయే రక్తపరీక్ష. ఆ మాట వినుటకు తగిన చెవి లేనిచో, ఎంత చదివినవాడును చీకటిలో చేయి చాచినవాడే యగును. కావున మానసిక చికిత్సను నేర్పు విద్యలో గ్రంథపాఠము కంటె మిన్నయైనది వినుట నేర్చుకొనుట. శిష్యుడు రోగితో మాటాడిన తీరును గురువు చెంతనుండి గమనించి, "ఇచ్చట తొందరపడితివి, ఇచ్చట ఆమె చెప్పబోయిన మాటను త్రుంచివేసితివి" అని దిద్దుట ఈ విద్యకు ప్రాణము. దీనినే పర్యవేక్షిత చికిత్సాశిక్షణ మందురు.

ఉపాధ్యాయ శిక్షణము నెఱిగినవారికి ఈ పద్ధతి క్రొత్తది కాదు. బోధనాభ్యాసమునకై శిక్షణార్థిని పాఠశాలకు పంపుదురు. వెనుకబల్లపై కూర్చున్న పర్యవేక్షకుడు వాని గుణదోషములను పుస్తకమున వ్రాయును. అయితే పట్టణములోని మాదిరి పాఠశాలలో మాత్రమే అభ్యసించిన యువకుడు, పిల్లల యింటిభాష వేఱు, బడిభాష వేఱు అయిన సరిహద్దు గ్రామమునకు పోయినపుడు తాను నేర్చినదంతయు ఒక్కదినములో చెదరిపోవుట చూచును. మానసికారోగ్య శిక్షణములో నేడు కానవచ్చు లోపము సరిగా ఇట్టిదే. లోపము విద్యలో లేదు. విద్య నేర్పు తావులోను, నేర్పు భాషలోను ఉన్నది.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము క్లినికల్ సైకాలజిస్టు అనగా ఎవరో నిర్వచించినది. రిహాబిలిటేషన్ కౌన్సిల్ గుర్తించిన యోగ్యత కలవాడైనను, మనశ్శాస్త్రమున స్నాతకోత్తర పట్టము పొంది, పిమ్మట పర్యవేక్షిత చికిత్సాశిక్షణముతో కూడిన రెండేండ్ల పూర్తికాలపు ఎం.ఫిల్. ముగించినవాడైనను ఆ పేరునకు అర్హుడు. చదువొక్కటియే చాలదనియు, పెద్దల కనుసన్నల రోగులతో మెలగిన అనుభవము కావలెననియు శాసనకర్తలు గ్రహించుట ప్రశంసింపదగిన విషయము. కాని ఆ పర్యవేక్షణము ఎచ్చట, ఎవరి నడుమ, ఏ భాషలో జరుగవలెనో ఆ నిర్వచనము చెప్పదు. చట్టము విడిచిన ఆ ఖాళీని అలవాటు పూరించినది. అలవాటు ఎచ్చటనుండి వచ్చినదో తెలియుటకు పూర్వచరిత్రను కొంత చూడవలసియున్నది.

1954లో బెంగుళూరున అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ నెలకొల్పబడెను. మరుసటి యేడు, అనగా 1955లో, అచ్చట మనశ్శాస్త్రమున డిప్లొమా శిక్షణ మారంభమయ్యెను. 1962లో రాంచీలోని మానసిక వైద్యశాలయందును అట్టి శిక్షణము మొదలయ్యెను. 1974లో బెంగుళూరు సంస్థయు, దాని ప్రక్కనున్న మైసూరు ప్రభుత్వ మానసిక వైద్యశాలయు ఏకమై నేటి నిమ్హాన్స్ ఏర్పడెను. ఈ విద్య ఆదినుండియు ఆస్పత్రి గోడల నడుమ, ఆంగ్లభాషా మాధ్యమమున పెరిగినది. నాటి పరిస్థితులలో అది సహజమే. దేశము నలుమూలలనుండి వచ్చిన విద్యార్థులకు ఉమ్మడి భాష వేఱొకటి లేదు. రోగులును ఆస్పత్రులలోనే యుండిరి.

అయినను ఆస్పత్రి గోడను దాటవలెనను తలంపు ఈ దేశమున చిరకాలముగ నున్నది. 1950 దశకములో అమృతసరులోని మానసిక వైద్యశాలలో డాక్టరు విద్యాసాగర్ రోగుల బంధువులను రప్పించి, ఆవరణలోనే డేరాలు వేయించి, వారిని చికిత్సలో పాలుపంచుకొనజేసెను. 1975 ప్రాంతమున బెంగుళూరు చెంతనున్న సకలవారలోను, నేటి హర్యానాలోని రాయ్‌పూర్ రాణిలోను గ్రామముల మధ్యనే మానసికారోగ్య సేవలను నడపి చూచు ప్రయత్నములు ప్రారంభమయ్యెను. ఆ అనుభవముల ఫలితముగ 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమము వెలువడెను. దానిని ఒక జిల్లా మొత్తమున అమలుపఱచి చూచుటకై ఎన్నుకొనబడినది బళ్ళారి జిల్లా. 1985 నుండి 1990 వఱకు, ఇంచుమించు 20 లక్షల జనాభా గల ఆ జిల్లాలో, ప్రాథమిక ఆరోగ్యకేంద్రముల వైద్యులకును ఆరోగ్యకార్యకర్తలకును స్వల్పకాలిక శిక్షణ మిచ్చి, మందులను పల్లెకు చేరువ చేసిరి. 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమమును నాలుగు జిల్లాలలో ప్రారంభించినపుడు ఈ బళ్ళారి పద్ధతియే మాదిరి యయ్యెను. ఆ నాలుగింటిలో నాటి ఆంధ్రప్రదేశములోని మెదకు ఒకటి. తమిళనాడులోని తిరుచిరాపల్లి మఱియొకటి. తక్కినవి అస్సాములోని నగావ్, రాజస్థానములోని సీకర్.

బళ్ళారి పేరు వినగానే ప్రవాసాంధ్రులకు మఱియొక చరిత్ర స్ఫురింపక మానదు. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మేర్పడినపుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకును, బళ్ళారి మైసూరునకును పోయెను. గీత భూమిపై గీయబడినది గాని వంటయిండ్లలో గీయబడలేదు. నేటికిని ఆ పట్టణమున, ఆ పల్లెలలో కన్నడముతోపాటు తెలుగు వినవచ్చుచునే యున్నది. భారతదేశమునకంతకు మాదిరియైన మానసికారోగ్య ప్రయోగము రెండు భాషలు కలిసి కాపురముచేయు జిల్లాలో జరిగినది. అట్టి తావున పుట్టిన పద్ధతి భాషాప్రశ్నను ముందుగా పట్టించుకొనియుండవలసినది. దానిని అనుసరించిన కార్యక్రమములలో ఆ ప్రశ్న శిక్షణమునకు కేంద్రము కాలేదు.

బళ్ళారి పద్ధతి చేసిన మేలును తక్కువగా చెప్పుట న్యాయము కాదు. మూర్ఛరోగికిని, మతిచలించినవానికిని మందు పొరుగూరిలోనే దొరకుట సామాన్యమైన మేలు కాదు. కాని మందు నడచినంత వేగముగా మాట నడువలేదు. సుమీత్ జైన్, సుశ్రుత్ జాధవ్ అను పరిశోధకులు ఉత్తరభారతమున ఇట్టి కార్యక్రమము నొకదానిని సన్నిహితముగ పరిశీలించి 2009లో ప్రకటించిన వ్యాసమునకు 'విధానమును మ్రింగివేయు మాత్రలు' అను అర్థమిచ్చు పేరు పెట్టిరి. సముదాయము పాల్గొనవలెనని కాగితముపై వ్రాసికొన్న ఆశయము ఆచరణలో మాత్రల పంపిణీగా కుదించుకొనిపోయినదని వారి వాదము. మాత్ర నిచ్చుటకు రెండు నిమిషములు చాలును. మాట వినుటకు గంట కావలెను. ఆ గంట కూర్చుండుట నేర్చినవాడు మనశ్శాస్త్రజ్ఞుడు. అతడు పల్లెలో లేడు.

ఎందులకు లేడనగా, మొదట సంఖ్య చాలదు. 2017 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారము భారతదేశమున లక్షమందికి మనశ్శాస్త్రజ్ఞులు 0.07 మాత్రమే, అనగా ఇంచుమించు 14 లక్షలమందికి ఒక్కడు. మఱొకవైపు 2015–16లో 12 రాష్ట్రములలో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే పెద్దలలో 10.6 శాతము మంది ఏదో ఒక మానసిక రుగ్మతతో బాధపడుచున్నట్లును, రుగ్మతనుబట్టి 70 నుండి 92 శాతము మందికి చికిత్స అందుటలేదనియు తేల్చెను. ఈ అంకెలు చూచినవారందఱును సీట్లు పెంచుడనియే చెప్పుదురు. పెంచవలసినదే. కాని నగరపు ఆస్పత్రిలో, ఆంగ్లపు నివేదికలతో శిక్షణ పొందినవారి సంఖ్య పదింతలైనను, పల్లెలో వినగలవారి సంఖ్య పదింత లగునా? విమర్శకు అసలు తావు ఇచ్చటనే యున్నది.

తెలుగు పల్లెలలో మనోవ్యథను చెప్పుటకు మాటలు కొదువలేదు. బెంగ యున్నది, దిగులు ఉన్నది, గుబులు ఉన్నది, మనాది యున్నది, తెలంగాణమున రంది యున్నది. ఇవి పర్యాయపదములు కావు. బెంగకు ఒక మనిషియో, ఒక యిల్లో ఆలంబనముగా నుండును. తల్లిని విడిచిన బిడ్డ బెంగపెట్టుకొని జ్వరము తెచ్చుకొనును. దిగులునందు దుఃఖముతోపాటు రాబోవుదానిని గూర్చిన భయము కలదు. మనాది దీర్ఘకాలము మనస్సున దిగబడి దేహమును కృశింపజేయునది. ఈ మూటిని వినినవాడు మూడు వేఱువేఱు కథలను అడుగవలెను. మూటికిని ఆంగ్లమున డిప్రెషన్ అని ఒకే చీటీ అంటించిన పిమ్మట, ఆ మూడు కథలును ఒక్కటియే యగును. "ఏమీ తోచదు నాయనా" అని ఒక వృద్ధురాలు చెప్పెననుకొందము. ప్రొద్దు గడచుటలేదని యామె భావమా? బుద్ధి పనిచేయుటలేదని భావమా? దారి కానరాక ప్రాణము తీసికొన దలచుచున్నదని భావమా? తొమ్మిది ప్రశ్నలు కలిగి, ఒక్కొక్కదానికి సున్న నుండి మూడు వఱకు అంకెలు వేయు సుప్రసిద్ధమైన పట్టికలో ఆమె మాట ఏ గడిలో పడవలెను? పట్టిక తప్పు కాదు. ఆ మాట చెప్పునపుడు ఆమె చూపు నేలకు వాలినదో, కొడుకువైపు మఱలినదో చూచినవాడే ఏ గడియో చెప్పగలడు.

తెలుగు తెలిసినంతమాత్రమున ఈ చిక్కు తీరదు. బేజారు అను మాట చూడుడు. అది తెలుగునాట విసుగును, అలసటను చెప్పును. కన్నడదేశమున అదే మాట మనస్సు నొచ్చుటకు, దుఃఖమునకు వాడుకలో నున్నది. అచ్చటి తెలుగువారి నోటను ఆ అర్థము చేరుట వింత కాదు. హైదరాబాదున చదివి వచ్చిన మనశ్శాస్త్రజ్ఞుడు బళ్ళారి తెలుగు స్త్రీ నోట "బేజారుగా ఉంది" అని విని, విసుగని వ్రాసికొని సాగిపోవచ్చును. షోలాపురపు నేతగాని తెలుగులో మరాఠీ కలిసియుండును. హోసూరు రైతు తెలుగులో కన్నడమును అరవమును కలిసియుండును. అందుచే ఏ తావున సేవ చేయవలెనో ఆ తావుననే చెవి తయారు కావలెను. ఇది నిఘంటువు చూచి నేర్చుకొను విద్య కాదు.

ఇక భాష రానప్పుడు జరుగునదేమి? తల్లికి తెలుగు తప్ప తెలియదు. బడికి పోవు కొడుకు రాష్ట్రభాష నేర్చినవాడు. ఆస్పత్రిలో వాడే దుబాసీ యగును. "రాత్రి నిద్ర పట్టుచున్నదా అని అడుగుచున్నారమ్మా" అని పదేండ్లవాడు అడుగును, ఆమె పట్టుచున్నదనును. "బ్రదుకుపై విరక్తి కలిగినదా" అని వైద్యుడు అడుగుమన్నచో ఆ బాలుడు దానిని తన తల్లి నెట్లడుగును? అడిగినను ఆమె తన కన్నబిడ్డతో ఔనని ఎట్లు చెప్పును? భర్త త్రాగుడును గూర్చి, అత్తింటి దెబ్బలను గూర్చి, నూతిగట్టుపై నిలిచిన రాత్రిని గూర్చి ఆమె కొడుకు నోటిగుండ చెప్పదు. పత్రముపై లక్షణములు స్వల్పమని పడును. తప్పు ఎవరిదియు కాదు. తల్లి అబద్ధమాడలేదు, బిడ్డ తప్పుగా తర్జుమా చేయలేదు, వైద్యుడు అశ్రద్ధ చేయలేదు. అయినను ఒక ప్రాణము అపాయములోనుండి అపాయములోనికే మఱలిపోయినది.

పర్యవేక్షణము ఈ తప్పును పట్టుకొనవలెను గదా యని అడుగవచ్చును. పట్టుకొనలేదు, కారణము స్పష్టము. శిష్యుడు తాను వినిన దానిని ఆంగ్లమున నివేదికగా వ్రాయును. గురువు ఆ నివేదికను చదివి దిద్దును. అట్లయినచో గురువు దిద్దునది సంభాషణమును కాదు, దాని అనువాదమును. బేజారు విసుగైనచోట, తోచకపోవుట నిరాసక్తి యైనచోట, తప్పు నివేదికకు ముందే జరిగిపోయినది. నివేదిక ఎంత చక్కగా నున్నను, ఆ తప్పును దానిలో చూడజాలము. విద్యార్థి తెలుగుపద్యమునకు చెప్పిన అర్థమును ఆంగ్లమున వ్రాయించి, ఆ ఆంగ్లమును మాత్రమే దిద్ది మార్కులు వేయు పరీక్షకుని ఎవరును మెచ్చరు. మానసిక చికిత్సలో మాత్రము దానిని ఆమోదించుచున్నాము.

దీనికి రెండు సమాధానములు చెప్పబడుచున్నవి. ప్రతి భాషకు, ప్రతి యాసకు మనశ్శాస్త్రజ్ఞుని తయారుచేయుట సాధ్యము కాదనునది మొదటిది. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలిమానస్ సేవ 14416 సంఖ్యపై ఇరువది భాషలలో లభించుచున్నది గదా యనునది రెండవది. ఈ సేవ మేలైనదే. తెలుగువారు దీనిని ఉపయోగించుకొనవలసినదే. అయితే ఫోనులో మాట వినబడును గాని చూపు కానరాదు. ఇంటిలో నలుగురి నడుమ నున్న ఒకే ఫోనులో అత్తను గూర్చి కోడలు మాటాడలేదు. మొదటి సమాధానమునకు గోవాలో జరిగిన ప్రయోగములే బదులు.

గోవాలో మానస్ అను పేర జరిగి 2010లో ప్రకటితమైన పరిశోధనలోను, అటుపిమ్మట 2017లో వెలువడిన మఱియొక పరిశోధనలోను, మనశ్శాస్త్రమున పట్టములు లేని స్థానికులకు శిక్షణ నిచ్చి ఆరోగ్యకేంద్రములలో సలహాదారులుగా నియమించిరి. రెండవ పరిశోధన పది ప్రాథమిక కేంద్రములలో 495 మంది రోగులతో జరిగినది. ఒక్కొక్కరికి ఆరు నుండి ఎనిమిది వఱకు సమావేశములు. ఈ చికిత్స పొందినవారి కుంగుబాటు, సాధారణ సంరక్షణము మాత్రమే పొందినవారి కంటె చెప్పుకోదగినంతగా తగ్గెను. ఇందు గమనింపవలసినది పర్యవేక్షణపు తీరు. సమావేశముల సంభాషణమును ధ్వనిముద్రణము చేసి, ఆ ధ్వనినే విని, సలహాదారులు ఒకరి నొకరు దిద్దుకొనిరి. పైన నిపుణుల ఆధారము ఉండెను. అనగా నివేదికను గాక మాటను పర్యవేక్షించిరి. పట్టము లేనివానిని గూడ సరియైన పర్యవేక్షణము పనికివచ్చువానిగ చేయగలిగినచో, పట్టముగల మనశ్శాస్త్రజ్ఞునికి ఆ భాగ్యము పల్లెలో ఏల లభింపరాదు? పశ్చిమగోదావరి జిల్లాలోని పల్లెలలో స్మార్ట్ మెంటల్ హెల్త్ అను పథకము ఆశా కార్యకర్తలద్వారా ఇల్లిల్లు తిరిగి మనోవ్యథను గుర్తించు పని చేసినది. పల్లె మాటాడదను వాదము దానితో నిలువజాలదు. తన భాషలో, తన వాకిట అడిగినచో పల్లె మాటాడును.

పల్లెలోనికి పోయి నేర్చుకొన్నవారు పూర్వము లేకపోలేదు. ఆర్. ఎల్. కపూర్, జి. ఎం. కార్‌స్టెయిర్స్ దక్షిణకన్నడమునందలి కోటా గ్రామమున చేసిన పరిశోధనను 1976లో 'ద గ్రేట్ యూనివర్స్ ఆఫ్ కోటా' అను గ్రంథముగా వెలువరించిరి. అచ్చటి జనులు ఒకే బాధకు వైద్యుని యొద్దకును, భూతవైద్యుని యొద్దకును పోవుదురని వారు గమనించి, ఆ నమ్మకములను పరిహసింపక వాని లోపలి తర్కమును తెలిసికొన యత్నించిరి. ఈ ఓర్పు శిక్షణములో భాగము కావలెను. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో గొలుసులతో బంధింపబడియున్న మానసిక రోగులు 28 మంది అగ్నిప్రమాదమున మృతులైరి. వారిని అచ్చటి దర్గా చెంతకు కొనివచ్చిన కుటుంబములను మూఢులని నిందించుట సులభము. వారి యూరికి సమీపమున వారి మాట వినువారు ఎవరుండిరని ప్రశ్నించుట కష్టము.

ఈ ప్రశ్నకు తరుణము నేడు వచ్చినది. ఎం.ఫిల్. పట్టమును 2022లో విశ్వవిద్యాలయ నిధుల సంఘము నిలిపివేసెను. అయితే క్లినికల్ సైకాలజీకి 2025–26 విద్యాసంవత్సరము వఱకు గడువు పొడిగించెను. పాత చట్రము తొలగి క్రొత్త చట్రము కుదురుకొను సమయమిది. అందు నాలుగు విషయములు చేర్చుట ఉచితము. మొదటిది, శిక్షణకాలములో కొన్ని వారముల సందర్శనము గాక, కొన్ని నెలలు ఒకే గ్రామప్రాంతమున నివాసము. రెండవది, నివేదికలో రోగి మాట రోగి భాషలోనే, ఆ భాష లిపిలోనే మొదట వ్రాయబడవలెను; ఆంగ్లము దాని క్రింద రావలెను. మూడవది, రోగి అనుమతితో ధ్వనిముద్రణము చేసి, ఆ భాష తెలిసిన పర్యవేక్షకుడు వినవలెను. అట్టివాడు ఆ సంస్థలో లేనిచో పొరుగురాష్ట్రపు సంస్థనుండి సహాయము పొందవలెను. నాలుగవది, బిడ్డలను దుబాసీలుగా నిలుపుట పూర్తిగ మానవలెను. ఆ పనికి గోప్యత పాటింప నేర్చిన పెద్దలను నియమింపవలెను.

ఇందు ప్రభుత్వముతోపాటు తెలుగు సంఘములకును పాలు కలదు. బళ్ళారిలోను, హోసూరులోను, గంజాములోను, షోలాపురములోను, యానాములోను తెలుగువారు తమ బాధను ఏ మాటలతో చెప్పుకొందురో సేకరించి, సందర్భముతో సహా ప్రకటించినచో, అది భాషాశాస్త్రమునకును వైద్యమునకును ఏకకాలమున సేవ యగును. అల్పసంఖ్యాక భాషను కాపాడుటయనగా బడులలో పాఠ్యపుస్తకములు, సభలలో పద్యములు మాత్రమే కాదు. ఆ భాష తప్ప వేఱొకటి తెలియని తల్లి, తన కష్టమును బిడ్డ నడ్డముపెట్టుకొనక స్వయముగ చెప్పుకొనగల ఒక చోటును, వినగల ఒక మనిషిని సమకూర్చుటయు భాషారక్షణమే. చట్టమునందలి పర్యవేక్షితము అను ఒక్క మాటకు ఆమె ముందు కూర్చుండి వినుట అను అర్థము కలుగువఱకు ఆ శిక్షణము సంపూర్ణము కానేరదు.